ఇసుక ఎవరి కోసం? మా ఉప్పునీటి ట్యాంకులో అరగొనైట్ ఇసుక, రెండేళ్ల వాడకం తర్వాత

సముద్రపు చేపలు పెంచే ట్యాంకు అడుగున పరిచే తెల్ల ఇసుక, అరగొనైట్. మూడు సంచులు, ఒక్కోటి 9 కిలోలు. రెండింటిలో పొడి ఇసుక, ఒకదానిలో తడి ఇసుక. తడి సంచి మీద లైవ్ సాండ్ అని రాసి ఉంటుంది, ధర దాదాపు రెట్టింపు. 2023 సెప్టెంబర్‌లో మా హాల్లో ఉన్న మూడడుగుల ఉప్పునీటి ట్యాంకులో వీటిని వేశాను. రెండేళ్లు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తే నలుగురికి పనికొస్తుందనిపించింది. ఇది ఏదో ఒక కంపెనీ గురించి కాదు, అందుకే పేర్లు రాయడం లేదు. అసలు ఈ ఇసుక కొనాలా వద్దా అనేది ఎలా తేల్చుకోవాలో చెప్పాలని ఉంది. నేను తప్పు ప్రశ్న వేసుకుని తేల్చుకున్నాను. దానికి ఒక చేప మూతి గీరుకుపోయింది.

మాది సైనిక్‌పురి. నేను బ్యాంకులో పనిచేస్తాను. ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు, అంటే దాదాపు 180 లీటర్లు. మా బోరు నీళ్ల టి.డి.ఎస్., అంటే కరిగిన లవణాల కొలత, 900 పైనే ఉంటుంది కాబట్టి ఆర్.ఓ. పట్టి, ఆ తర్వాత మిగిలిన లవణాలను కూడా లాగేసే డి.ఐ. రెజిన్ గుండా పంపి, మీటరు సున్నా చూపించాకే ఉప్పు కలుపుతాను. మే నెలలో బయట 42 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా నీళ్లు చల్లబరిచే యంత్రం, చిల్లర్, పెట్టి నీళ్లని 26 దగ్గర నిలబెడతాను. ఇంత ఖర్చు, ఇంత శ్రద్ధ పెట్టినదాన్ని ఇసుక విషయంలో మాత్రం దుకాణంలో విన్న ఒక్క మాట పట్టుకుని ఉండిపోయాను.

2022 జూన్‌లో ట్యాంకు మొదలుపెట్టినప్పుడు అడుగున ఏమీ వేయలేదు. గాజు, దాని మీద కృత్రిమంగా చేసిన రాళ్లు, అంతే. ఈ హాబీలో దీన్ని బేర్ బాటమ్ అంటారు. అందులో నిజంగా సుఖం ఉంది, ఆ మాట దాచను. చేపలు వదిలిన మలం, తినకుండా మిగిలిన మేత కళ్లకు కనబడతాయి. ఆదివారం పొద్దున ట్యూబు పెట్టి లాగేస్తే పది నిమిషాల పని. నీళ్లు తిప్పే వేవ్‌మేకర్‌ను ఎంత జోరుగా పెట్టినా లేచే ఇసుక లేదు. పగడాలు పెంచేవాళ్లలో చాలామంది, అందులోనూ జోరైన ప్రవాహం కావాల్సిన రకాలు పెంచేవాళ్లు ఇందుకే గాజు మీదే ఉంటారు. వాళ్లకు అది సరైన పద్ధతే.

మా మొదటి చేపలు రెండు క్లౌన్‌లు (క్లౌన్ ఫిష్), హేచరీలో పుట్టినవి. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్‌లను పుట్టించి పెంచే పద్ధతిని ఎప్పుడో అభివృద్ధి చేసింది. హేచరీ చేపలు దొరుకుతుండగా సముద్రంలోంచి పట్టినవి కొనడం నాకు ఇష్టం లేదు. ఆ రెండూ ఏడాదిపాటు గాజు మీద హాయిగా ఉన్నాయి. రాయి పక్కన ఒక మూల ఎంచుకుని అక్కడే పడుకునేవి. పదో నెలలో రాయి మీద నారింజ రంగు గుడ్లు పెట్టాయి. ఇసుక లేదన్న లోటు వాటిలో నాకు ఎక్కడా కనబడలేదు. ఆ తర్వాత తెచ్చిన రాయల్ గ్రామా కూడా అంతే. రాళ్ల సందులో దూరి ఉండే చేపకు కింద ఏముందో పట్టదు. డామ్సెల్‌లు, క్రోమిస్‌లు, కార్డినల్‌లు, ట్యాంగ్‌లు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఈ చేపలే పెంచుతూ ఇసుక అవసరమా అని అడిగేవాళ్లకు నా జవాబు ఒక్కటే. అక్కర్లేదు, అందం కోసం కావాలంటే వేసుకోండి.

ఆ ఏడాదిలో ఇసుక మాట ఒక్కసారే వచ్చింది, అదీ మా తమ్ముడి దగ్గర్నుంచి. మా పుట్టిల్లు బాపట్ల. సూర్యలంక బీచి మా ఊరికి తొమ్మిది కిలోమీటర్లు. వాడు ట్యాంకు చూసి, "అక్కా, సముద్రపు చేపలకి సముద్రపు ఇసుక లేకపోతే ఎట్లా? వచ్చేటప్పుడు ఒక గోనె సంచి పట్టుకొస్తా" అన్నాడు. తీరంలో ఇసుక తవ్వి పట్టుకెళ్లడం సి.ఆర్.జెడ్. (తీరప్రాంత నియంత్రణ) నిబంధనలకు విరుద్ధమని చెప్పి ఆపాను. కానీ మా షోకేసులో ఎప్పటినుంచో ఒక పెద్ద పచ్చళ్ల సీసా ఉంది. దాని నిండా సూర్యలంక ఇసుకే. నాన్న చనిపోయిన ఏడాది అందరం కలిసి వెళ్లినప్పుడు అమ్మ పోసి ఇచ్చింది. ఆ రోజు వాడి ముందే దాంట్లోంచి రెండు చెంచాలు తీసి స్టీలు గిన్నెలో వేసి వెనిగర్ పోశాను. అక్కడక్కడ ఒక గవ్వ ముక్క దగ్గర చిన్న బుడగ లేచింది, అంతే. మిగతా ఇసుక అలాగే ఉంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం దగ్గర పెడితే నల్లటి రేణువులు కొన్ని దానికి అంటుకున్నాయి.

దీని అర్థం ఏమిటంటే, మన తూర్పు తీరపు ఇసుక ఎక్కువగా నదులు కొండల నుంచి మోసుకొచ్చిన క్వార్ట్జ్ (పలుగురాయి), దాంతోపాటు బరువైన నల్ల ఖనిజాలు. పగడాల సముద్రాల్లో ఉండే తెల్ల ఇసుక పుట్టుకే వేరు. అది పగడాలు, గవ్వలు అరిగి అయిన కాల్షియం కార్బొనేట్. అందులో ఒక స్ఫటిక రూపమే అరగొనైట్, పగడం తన అస్థిపంజరాన్ని కట్టుకునేది దాంతోనే. ఆ తెల్ల ఇసుకలో చాలా భాగం పారట్ ఫిష్ తయారు చేసినదే. పగడపు రాయిని పళ్లతో కొరికి, దాని మీది నాచు తిని, రాయిని పిండి చేసి బయటికి వదులుతుంది. పెద్ద పారట్ ఫిష్ ఒక్కటే ఏడాదికి వందల కిలోల ఇసుక వదులుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడు మా తమ్ముడి మొహం నాకు ఇంకా గుర్తుంది.

ఇక మూతి గీరుకుపోయిన ఆ చేప, ఎల్లో రాస్ దగ్గరికి వస్తాను. 2023 ఆగస్టు, శ్రావణ శుక్రవారం. నగరానికి అవతలి వైపున్న ఒక దుకాణంలో చూశాను. మూడంగుళాల చేప, తల నుంచి తోక దాకా ముద్దబంతి పువ్వు రంగు, వెన్ను రెక్క మీద నల్ల చుక్కలు, మొహం మీద లేత ఆకుపచ్చ గీతలు. చూడగానే బంతి అని పేరు పెట్టేశాను. "మా ట్యాంకులో ఇసుక లేదండీ, పరవాలేదా?" అని అడిగాను. "ఏం ఇబ్బంది లేదు మేడం, మా దగ్గర వారం నుంచి ఉత్త గాజు మీదే ఉంది, చూడండి ఎంత హుషారుగా ఉందో" అన్నారు. నిజంగానే హుషారుగా ఉంది. నేను చూసింది మధ్యాహ్నం మూడు గంటలకు.

ఇంటికొచ్చి, నెమ్మదిగా మా నీళ్లకు అలవాటు చేసి వదిలాను. సాయంత్రమంతా రాళ్ల చుట్టూ తిరిగింది. ఏడున్నరప్పుడు నేను వంటింట్లో ఉన్నాను. మా అబ్బాయి పిలిచాడు, "అమ్మా, ఇది కిందికి గుద్దుకుంటోంది." వెళ్లి చూస్తే బంతి మధ్యలో నిలబడి, ఒక్కసారిగా తల కిందికి వంచి, బాణంలా అడుగు గాజుకు కొట్టుకుంది. టక్ మని చప్పుడు హాల్లోకి వినబడింది. లేచింది, రెండు అంగుళాలు పక్కకి జరిగింది, మళ్లీ అదే. ఆ చోట కాదు, ఈ చోట మెత్తగా ఉంటుందేమో అని వెతుకుతున్నట్టు గాజు మొత్తం గాలించింది. ఐదారుసార్లయ్యేసరికి పై పెదవి దగ్గర పసుపు రంగు పోయి తెల్లగా చర్మం కనబడింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

హాలికోయిరస్ అనే జాతి రాస్‌లు రాత్రి ఇసుకలో పూడుకుని పడుకుంటాయని అప్పుడే ఫోన్‌లో చూశాను. చీకటి పడే వేళకు తలతో ఇసుకలోకి దూకి, ఒళ్లు ఊపుకుంటూ పూర్తిగా లోపలికి వెళ్లిపోతాయి. భయం వేసినా అదే చేస్తాయి. అది వాటి పక్క, వాటి తలుపు గడియ. అన్ని రాస్‌లూ ఇలా కాదు. సిక్స్ లైన్ రాస్, ఫెయిరీ రాస్‌లు రాళ్ల మధ్య దూరి, ఒంటి చుట్టూ జిగురు సంచిలాంటిది అల్లుకుని నిద్రపోతాయి, వాటికి ఇసుక లేకపోయినా నడుస్తుంది. ఎల్లో రాస్‌కు, లెపర్డ్ రాస్‌కు నడవదు. దుకాణంలో ఆ వారం రోజులూ రాత్రిపూట అది ఎలా గడిపిందో తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రాత్రి ఎనిమిదికి అరగొనైట్ ఎక్కడ తెచ్చేది? షోకేసులోంచి అమ్మ ఇచ్చిన సీసా తీశాను. మరిగే నీళ్లలో రెండుసార్లు, ఆర్.ఓ. నీళ్లలో నాలుగుసార్లు కడిగి, చల్లార్చి, అయస్కాంతంతో దొరికినంత నల్ల రేణువు తీసేసి, ఫ్యామిలీ ప్యాక్ ఐస్‌క్రీం డబ్బాలో రెండు అంగుళాల మందం పోశాను. డబ్బాను ట్యాంకులోకి దించి అడుగున పెట్టి చెయ్యి బయటికి తీశానో లేదో, బంతి దాని అంచు మీదికి వచ్చి ఒక కన్నుతో లోపలికి చూసింది. దూకింది. ఇసుక మీద చిన్న గుంట, కాస్త దుమ్ము, ఇంకేమీ లేదు. చేప లేదు. మా అబ్బాయీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రి నేను లేచి నాలుగుసార్లు చూశాను. పొద్దున ఆరున్నరకు ఇసుకలోంచి ముందు కళ్లు, ఆ తర్వాత పసుపు తల.

మరుసటి వారం సికింద్రాబాద్ వైపు ఉన్న ఇంకో చిన్న దుకాణానికి వెళ్లి ఇసుక అడిగాను. ఆయన నేరుగా సంచి తీయలేదు. "అమ్మా, ముందు చేప ఏదో చెప్పండి, ఇసుక తర్వాత చూద్దాం" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్న వారం ముందే ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది. క్లౌన్‌లకైతే డబ్బు వృథా చేసుకోవద్దన్నాడు. రాస్‌కైతే రెండు అంగుళాలకు తగ్గొద్దన్నాడు. జాఫిష్ పెంచే ఆలోచన ఉంటే ఇంకా లోతు, దాంట్లో సన్న రాళ్ల ముక్కలు కలపాలని, అది బావి తవ్వి నోటితో రాళ్లు పేర్చి గోడ కట్టుకుంటుందని చెప్పాడు. డైమండ్ గోబీ పెంచేవాళ్లు మాత్రం పెద్ద గరుకు తీసుకోకూడదట. అది పొద్దస్తమానం నోటి నిండా ఇసుక తీసుకుని మొప్పల గుండా జల్లెడ పట్టి అందులోని పురుగుల్ని తింటుంది, గరుకైతే దాని నోరు, మొప్పలు దెబ్బతింటాయి. నేను కొనే వరకు ఓపిగ్గా నిలబడి మాట్లాడాడు. సేవకు మార్కులు వేయమంటే ఆయనకు పదికి పది వేస్తాను.

గరుకు విషయం వంటింటి భాషలో చెబితే తొందరగా అర్థమవుతుంది. అరగొనైట్ నాలుగైదు సైజుల్లో వస్తుంది. అన్నిటికంటే సన్నది బొంబాయి రవ్వ కంటే నాజూకుగా ఉంటుంది. దాన్ని ఊలైట్ అంటారు. బహామాస్ దగ్గర లోతు తక్కువ వెచ్చటి సముద్రంలో ఒక సన్న రేణువు అటూ ఇటూ దొర్లుతుంటే దాని చుట్టూ పొరలు పొరలుగా అరగొనైట్ పేరుకుని గుండ్రటి గింజ అవుతుంది. సామర్లకోట వైపు తడి పిండిని గుడ్డలో దొర్లించి సగ్గుబియ్యం గింజ కట్టించేది చూసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. చేతికి చాలా మెత్తగా ఉంటుంది, కానీ చిన్న అలకే లేచిపోతుంది. మా వేవ్‌మేకర్‌కు అది ఆగదు. ఆ పై సైజు పంచదార పలుకంత ఉంటుంది, అర మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల దాకా. నేను తీసుకున్నది అదే. ఆ పైన జొన్న గింజంత ఉండేది క్రష్డ్ కోరల్. దాని మధ్య సందుల్లో మలం ఇరుక్కుని కుళ్లుతుంది, రాస్ దాంట్లోకి దూకితే పొలుసులు గీరుకుంటాయి. బంతి లాంటి చేప ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు.

పొడి సంచులు రెండూ కడగడానికి ఒక ఆదివారం పూర్తిగా పట్టింది. బకెట్‌లో మూడోవంతు ఇసుక, దాని మీద పైపు నీళ్లు, చెయ్యి పెట్టి బియ్యం కడిగినట్టు కలపడం, కుడితి నీళ్లలా తెల్లగా వచ్చినదాన్ని పారబోయడం. ఒక్కో బకెట్‌కు పది పన్నెండుసార్లు అయితే తప్ప తేటపడలేదు. ఈ పని తగ్గించుకుందామని చూడొద్దు. చివరి కడుగు ఆర్.ఓ. నీళ్లతో చేశాను. ట్యాంకులో చేపలు ఉన్నాయి కాబట్టి ఒక్కసారే గుమ్మరించలేదు. రెండు అంగుళాల పి.వి.సి. పైపు ఒక చివర అడుక్కి ఆనించి, పై నుంచి గ్లాసుతో కొద్దికొద్దిగా పోశాను. మూడు ఆదివారాలు పట్టింది. రాళ్లు ముందే గాజు మీద కూర్చుని ఉన్నాయి కాబట్టి వాటి చుట్టూ పోస్తే సరిపోయింది. ఇది ముఖ్యం. ముందు ఇసుక పరిచి దాని మీద రాళ్లు పెడితే, కింద తవ్వే చేప వచ్చిన రోజున రాళ్లు ఒరిగిపోతాయి, దాని కిందే చేప నలిగిపోవచ్చు. 27 కిలోలతో, రాళ్లు ఆక్రమించిన చోటు పోను, మాకు దాదాపు రెండు అంగుళాల మందం వచ్చింది.

ఇక డబ్బుల సంగతి. పొడి సంచి నాకు 1,800 పడింది, లైవ్ సంచి 3,200. లైవ్ అంటే నీళ్లను శుభ్రపరిచే బ్యాక్టీరియాతో తడిగా ప్యాక్ చేసినది. ఆ బ్యాక్టీరియా పనికిరానిది అనను. కానీ ఆ సంచి మీది తారీఖు చూస్తే ప్యాక్ చేసి తొమ్మిది నెలలైంది. మన ఎండాకాలం మొత్తం ఏ గోడౌన్‌లోనో గడిపి వచ్చినట్టే కదా. తెరిచినప్పుడు కాస్త నీచు వాసన వచ్చింది. ట్యాంకులో ఎడమవైపు లైవ్ ఇసుక, కుడివైపు పొడి ఇసుక వేసి కావాలనే గమనించాను. రెండు నెలల తర్వాత రెండింటికీ నాకు తేడా తెలియలేదు. అటూ ఇటూ ఒకే రకం సన్న పురుగులు, గాజు వెంబడి ఒకే రకం సొరంగాలు. పాలు తోడుకోవాలంటే గిన్నెడు పెరుగు అక్కర్లేదు, చెంచా చాలు. మన రాళ్ల మీద ఇప్పటికే ఉన్న బ్యాక్టీరియానే ఆ చెంచా. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక చిన్న లైవ్ సంచి తీసుకుని, మిగతాది పొడిది వేసుకుంటే సరిపోతుంది. మళ్లీ కొనాల్సి వస్తే నేను అదే చేస్తాను.

సంచి మీద ఇంకో మాట రాసి ఉంటుంది, ఈ ఇసుక నీళ్ల పి.హెచ్. నిలబెడుతుందని. ఆ మాట నమ్ముకుని మిగతా జాగ్రత్తలు మానొద్దు. మన ట్యాంకుల్లో పి.హెచ్. 8.1, 8.3 మధ్య ఉంచుతాం. ఆ నీళ్లలో అరగొనైట్ కరగదు, పి.హెచ్. బాగా కిందికి పడిపోతేనే కరగడం మొదలవుతుంది. పి.హెచ్. పడిపోకుండా ఆపే ఆల్కలినిటీ ఇసుక వేశాక కూడా మా నీళ్లలో వారం వారం తగ్గుతూనే ఉంది, దాన్ని పెంచే మందు నేను పోస్తూనే ఉన్నాను. చేపల మలం, మేత కుళ్లితే చివరికి మిగిలే నైట్రేట్ కూడా అంతే, ముందు ఎంత ఉందో దాదాపు అంతే. నాలుగంగుళాలు, ఆ పైన మందం ఉంటే అడుగు పొరల్లో ఆక్సిజన్ లేని చోట నైట్రేట్‌ను విడగొట్టే బ్యాక్టీరియా పెరుగుతుంది, డీప్ సాండ్ బెడ్ అనే పద్ధతి అదే. కానీ దాన్ని ఒకసారి వేశాక లోతుగా కెలకకూడదు. కెలికితే కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ బయటికి వచ్చి చేపల ప్రాణానికే ముప్పు. మూడడుగుల ట్యాంకులో అంత మందం వేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇసుక వేశాక బంతి కొత్త ఇసుకలోకి వెళ్లి మూడు రోజులు బయటికి రాలేదు. నా టెన్షన్ మాటల్లో చెప్పలేను. చచ్చిపోయి లోపల కుళ్లుతోందేమో, తవ్వి చూద్దామా అని చెయ్యి పెట్టబోయాను. మా అబ్బాయి ఆపాడు. కొత్త చోట ఈ జాతి చేపలు రోజుల తరబడి లోపలే ఉండిపోవడం మామూలేనని, తవ్వితే ఇంకా భయపడుతుందని వాడు చదివాడు. నాలుగో రోజు పదకొండింటికి వచ్చింది. మూతి మీద గాయం మానిపోతోంది. అప్పటినుంచి దానిది గడియారం లాంటి దినచర్య. లైట్లు తొమ్మిదికి ఆరతాయి, కానీ అది ఏడూ నలభైకే పడుకుంటుంది. ఆ పది నిమిషాల ముందు కుడి మూలన రాయి కింద రెండు మూడుసార్లు తిరిగి, ఆ చోట బాగుందని తేల్చుకుని, అప్పుడు దూకుతుంది. మా ఇంటికి ఎవరొచ్చినా ఆ టైముకు హాల్లోకి పిలుస్తాను.

కష్టాలూ చెప్పాలి. రెండో వారం నుంచి ఐదో వారం దాకా ఇసుక మొత్తం మీద గోధుమ రంగు పొర కట్టింది. అది డయాటమ్‌లనే సూక్ష్మమైన నాచు పని, కొత్త ఇసుకకు వచ్చేదే, దానంతట అదే పోయింది. నీళ్లలో సిలికేట్ ఉంటే ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి డి.ఐ. రెజిన్ రంగు మారగానే మార్చేయండి. వేవ్‌మేకర్ ముందు ఇసుక ఎగిరిపోయి గాజు బయటపడింది. దాన్ని పైకి తిప్పి, నీటి ఉపరితలం వైపు కొట్టేలా పెడితే సర్దుకుంది. ఆదివారం పది నిమిషాల పని ఇప్పుడు ముప్పావు గంట అయింది. ఒక వారం ఎడమ మూడోవంతు, తర్వాతి వారం మధ్య, ఆ తర్వాత కుడి అని వంతులు పెట్టుకుని పైపైన సైఫన్ చేస్తాను. మొత్తం ఒకేసారి కెలకను. నాసారియస్ నత్తలు ఆరు తెచ్చి వదిలాను. మేత వాసన తగలగానే ఇసుకలోంచి తొండంలాంటి గొట్టాలు పైకి లేపి బయటికి వస్తాయి, మిగిలిపోయిన మేతంతా వాటిదే. రాస్ ఉన్న ఇంట్లో ట్యాంకు పైన మూత తప్పనిసరి, బెదిరితే ఎగిరి బయట పడుతుంది. నేను కిటికీలకు వేసే దోమల జాలీని ఫ్రేముకు బిగించి వేశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. విదేశీ వీడియోలు చూసి ఇసుక శుభ్రం చేయడానికి సీ కుకుంబర్, అంటే దోసకాయ ఆకారంలో ఉండే సముద్ర జీవి, కావాలని అడిగేవాళ్లు ఉన్నారు. మన దేశంలో సీ కుకుంబర్‌లను, కడలి గుర్రాలను 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు తెచ్చారు. పగడాలకూ ఆ చట్టం రక్షణ ఉంది. కాబట్టి గోనె సంచుల్లో విడిగా కోరల్ సాండ్ అని ఎవరైనా అమ్మితే, అది ఎక్కడినుంచి వచ్చిందో అడగండి. సరైన జవాబు రాకపోతే వదిలేయండి. మన్నార్ సింధుశాఖలో 1986లో జాతీయ పార్కు పెట్టాల్సి వచ్చింది. అక్కడి పగడాన్ని సున్నానికి, సిమెంటుకు ఏళ్ల తరబడి తవ్వుకుపోయారు. మన హాల్లో ఒక చేప హాయిగా పడుకోవడానికి దాని పుట్టిల్లు తవ్వకూడదు. ఎక్కడి సరుకో సీలు మీద రాసి ఉన్న సంచి కాస్త ఖరీదైనా అదే తీసుకోండి.

కొత్త చేపల్ని, జబ్బు చేపల్ని విడిగా ఉంచే క్వారంటైన్ ట్యాంకుకు మాత్రం ఇప్పటికీ ఇసుక వేయను. తెల్ల మచ్చల జబ్బుకు రాగి మందు వాడితే, ఆ రాగిని అరగొనైట్ పీల్చుకుని మోతాదు తప్పిస్తుంది. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి గుడ్డులాంటి దశలో అడుగునే అతుక్కుని ఉంటుంది కాబట్టి ఉత్త గాజును తుడవడం సులువు. రాస్‌ను క్వారంటైన్‌లో పెట్టాల్సి వస్తే మందు అవసరం లేనన్ని రోజులు ఐస్‌క్రీం డబ్బాలో ఉత్త క్వార్ట్జ్ ఇసుక పోసి పెట్టండి. అయ్యాక ఆ ఇసుక పారేయొచ్చు.

నిరుడు డిసెంబర్‌లో ఒక ఎల్లో వాచ్‌మన్ గోబీని, దానికి జోడీగా పిస్టల్ రొయ్యను తెచ్చాను. ఇసుక లేకుండా ఈ జంట లేదు. రొయ్యకు చూపు ఆనదు. పొద్దంతా బుల్డోజరులా ఇసుక తోసుకుంటూ రాయి కింద గది తవ్వుతుంది, ఒక మీసం మాత్రం గోబీ ఒంటి మీద ఆనించే ఉంచుతుంది. గోబీ గుమ్మం దగ్గర కాపలా. నేను ట్యాంకు దగ్గరికి వేగంగా వెళ్తే గోబీ తోక ఒకసారి అల్లాడుతుంది, రొయ్య మాయం. క్లౌన్‌లు గాజు మీద ఉన్నా ఇసుక మీద ఉన్నా ఒకేలా ఉంటాయి. ఈ రెండింటినీ, బంతినీ చూశాక ఇసుక ఎవరి కోసమో నాకు వేరే చెప్పక్కర్లేదు.

మార్కులు అడిగేవాళ్ల కోసం: పొడి అరగొనైట్, పంచదార సైజుకు ఐదుకు నాలుగున్నర. ఆ తగ్గిన అర మార్కు కడగడానికి పట్టిన ఆదివారానికి. లైవ్ సంచికి రెండున్నర, ఆ ధరకు అంతకంటే వేయలేను.

మా బ్రాంచిలోనే ఒకావిడ లెపర్డ్ రాస్ కొంటానంటోంది, వాళ్ల ట్యాంకూ ఉత్త గాజే. చేపను ఆపి ముందు ఇసుక వేయించాను, రెండు పొడి సంచులు. ఏడు నెలలుగా మా ట్యాంకులోకి కొత్తగా ఏదీ రాలేదు, జబ్బూ లేదు. అందుకని ఈ ఆదివారం వస్తే తోడుగా వేసుకోవడానికి మా ఇసుక ఒక గ్లాసు ఇస్తానని చెప్పాను. సాయంత్రం ఏడున్నరకు రమ్మన్నాను. సూర్యలంక సీసా కూడా మళ్లీ నిండుగా షోకేసులో ఉంది, ఆ డబ్బాలోని ఇసుకను కడిగి ఆరబెట్టి అందులోనే పోశాను.